సీబీడీ సీసా వెనక 180 ఏళ్ల కథ

ఈసారి పోస్టు కాస్త పెద్దది. పొద్దున పనుల మధ్య కుదరకపోతే రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి. ఇది మిర్చి ధర గురించి కాదు, నల్లతామర గురించి కూడా కాదు. ఒక మందు గురించి. కానీ మందు డబ్బా చూసి కొనే అలవాటున్న మనలాంటి వాళ్లకి ఇందులో పనికొచ్చే విషయం చాలా ఉంది.

పోయిన నెల మా ఊళ్లో ఒక తమ్ముడు ఇంటికొచ్చాడు. వాళ్ల బాబుకి ఎనిమిదేళ్లు, బరువు 20 కిలోలు. పసితనం నుంచి ఫిట్స్. రెండు రకాల మాత్రలు వాడుతున్నా నెలకి రెండు మూడుసార్లు వస్తూనే ఉన్నాయి. తమ్ముడి చేతిలో చిన్న సీసా ఉంది. ఫోన్లో చూసి నాలుగు వేలు పెట్టి తెప్పించాడంట. 30 మిల్లీలీటర్లు. పైన "సీబీడీ ఆయిల్, 1000 మి.గ్రా." అని రాసి ఉంది.

"అన్నా, అమెరికాలో ఫిట్స్ వచ్చే పిల్లలకి ఇదే పోస్తున్నారంట. పూటకి ఐదు చుక్కలు చాలన్నారు. ఇది మొదలుపెట్టి ఆ మాత్రలు ఆపేద్దామనుకుంటున్నా. ఏమంటావు?" అన్నాడు.

నేను ఒకటే చెప్పా. "మాత్ర ఒక్క పూట కూడా ఆపొద్దు. రేపు ఈ సీసా తీసుకుని బాబుని చూసే డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్దాం." ఎందుకలా చెప్పానో అప్పుడు వివరంగా చెప్పలేకపోయా. ఆ వివరమే ఈ పోస్టు.

ముందు మన పని నుంచే ఒక మాట. ఇమిడాక్లోప్రిడ్ కొనేటప్పుడు మనం ఉత్త పేరు చూసి కొనం. 17.8 శాతం ద్రావణమా, 70 శాతం గుళికలా అని చూస్తాం. టెక్నికల్ ఒకటే, కానీ శాతం వేరు, ట్యాంకుకి పోసే మోతాదు వేరు. శాతం రాయని డబ్బా ఇస్తే షాపు వాడి మొహాన కొడతాం. సీబీడీ చరిత్ర మొత్తం ఈ ఒక్క విషయం చుట్టూ తిరిగింది. సీసాలో ఏముంది, ఎంత ఉంది అని తెలియక ఒక మందు వందేళ్లు మూలన పడింది. తెలిశాక మళ్లీ లేచింది. ఇప్పుడు మళ్లీ తెలియని సీసాలు మన ఊళ్లకి వస్తున్నాయి.

సీబీడీ అంటే కన్నాబిడయాల్. గంజాయి మొక్కలో ఉండే ఒక పదార్థం. ఇక్కడ ఒక గందరగోళం ఉంది. ఇంగ్లీషు వాళ్లు నార ఇచ్చే మొక్కలన్నిటినీ "హెంప్" అని పిలిచారు. మనం పచ్చిరొట్టకి చల్లే జనుముని "సన్ హెంప్" అన్నారు. మన గోగుని "డెక్కన్ హెంప్" అన్నారు. ఈ రెండిటికీ గంజాయికీ ఏ చుట్టరికమూ లేదు, వాటిలో సీబీడీ ఉండదు. ఉత్త "హెంప్" అంటే మాత్రం గంజాయి జాతే. మత్తు పదార్థం బాగా తక్కువ ఉన్న రకాలని ఆ పేరుతో పిలుస్తున్నారు. ఎవరైనా వచ్చి "హెంప్ అంటే మీ జనుము లాంటిదేనండీ" అంటే నమ్మకండి.

ఇక కథలోకి వద్దాం. ఈ మందు కథలో మొదటి పెద్ద ప్రయోగం జరిగింది అమెరికాలో కాదు, మన కలకత్తాలో. విలియం బ్రూక్ ఓషానసీ అని ఐర్లండు డాక్టరు. 1833లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగంలో కలకత్తా వచ్చాడు. తర్వాత 1850లలో మన దేశంలో టెలిగ్రాఫ్ తీగలు వేయించింది కూడా ఈయనే. మన ఆయుర్వేదంలో గంజాయిని "విజయ" అంటారు. హకీములకీ ఇది తెలిసిన మూలికే. ఓషానసీ అక్కడి సంస్కృత, పారశీక పండితులని అడిగి వాళ్ల గ్రంథాల్లో ఏముందో తెలుసుకున్నాడు. ఆ తర్వాత నేరుగా రోగులకి ఇవ్వలేదు. ముందు జంతువుల మీద చూశాడు. చేపలు, కుక్కలు, పిల్లులు, పందులు, రాబందులు, కాకులు, గుర్రాలు, జింకలు, మేకలు, గొర్రెలు, ఆవులు, అన్నిటికీ పెట్టాడు. మాంసం తినే వాటికి చప్పున మత్తెక్కింది. గడ్డి తినే వాటికి ఎంత పెట్టినా పెద్దగా ఏమీ కాలేదు అని రాసుకున్నాడు.

తర్వాత కీళ్లవాతం, ధనుర్వాతం, కలరా రోగులకి ఇచ్చి చూశాడు. 1839లో ఇదంతా రాసి ప్రచురించాడు. అందులో 40 రోజుల ఆడపిల్ల సంగతి కూడా ఉంది. ఆ పసికందుకి ఆగకుండా ఫిట్స్. అప్పటికి తెలిసిన వైద్యాలు చేసినా తగ్గలేదు. గంజాయి బంకని సారాయిలో కరిగించి చేసిన మందుని చుక్కల లెక్కన ఇచ్చాడు. ఫిట్స్ ఆగాయి, పాప కోలుకుంది. ఫిట్స్‌కి ఈ మొక్క పనిచేయొచ్చని ఆధునిక వైద్యంలో గట్టిగా రాసిన మొదటి కేసుల్లో ఇదొకటి.

ఆయన ఇంగ్లండు వెళ్లేటప్పుడు మందు పట్టుకెళ్లాడు. అక్కడి షాపుల్లో సీసాలు వచ్చాయి. యూరప్, అమెరికా డాక్టర్లు వాడారు. మరి ఎందుకు నిలబడలేదు? కొలత లేక. ఈ ఏడు కలకత్తా నుంచి వచ్చిన సరుకు ఒక బలం, వచ్చే ఏడు సరుకు ఇంకో బలం. ఓడలో నెలల తరబడి వచ్చేసరికి కొంత చచ్చిపోయేది. ఒక సీసాలో పది చుక్కలకి ఏమీ కాని రోగి, ఇంకో సీసాలో పది చుక్కలకి మత్తెక్కి పడిపోయేవాడు. అప్పటికే నల్లమందు నుంచి మార్ఫిన్‌ని విడదీశారు కాబట్టి దాన్ని గ్రాముల్లో తూచి ఇవ్వగలిగేవాళ్లు. గంజాయిలో సరుకు జిగట బంక, నీళ్లలో కరగదు. సూది మందుగా ఎక్కించడం కుదరదు, లోపల ఏది పనిచేస్తుందో విడదీయడమూ కుదరలేదు. ఈలోపు ఫిట్స్‌కి 1912లో ఫినోబార్బిటాల్, 1938లో ఫెనిటాయిన్ వచ్చాయి. అవి తూచి ఇచ్చే మాత్రలు. డాక్టర్లు సహజంగానే వాటి వైపు వెళ్లారు.

మరోపక్క చట్టాలు బిగిశాయి. 1893-94లో బ్రిటిష్ ప్రభుత్వం గంజాయి మీద ఒక పెద్ద కమిషన్ వేసింది. మన తెలుగు జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి, అక్కడ కూడా సాక్ష్యాలు తీసుకున్నారు. వెయ్యి మందికి పైగా చెప్పింది విని, మితంగా వాడితే పెద్ద హాని లేదు, అతిగా వాడితే హాని ఉంది, పూర్తి నిషేధం అక్కర్లేదు అని తేల్చారు. కానీ 1937లో అమెరికా పన్ను చట్టంతో కట్టడి చేసింది. 1961లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం వచ్చింది. 1985లో మన దేశంలో ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చింది.

సరిగ్గా తలుపులు మూసుకుంటున్న ఆ రోజుల్లోనే లోపలి సరుకు ఏంటో తెలియడం మొదలైంది. 1940లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రోజర్ ఆడమ్స్ అనే ఆయన, మిన్నెసోటాలో అడవిగా పెరిగిన హెంప్ నుంచి సీబీడీని విడదీశాడు. అదే కాలంలో ఇంగ్లండులో అలెగ్జాండర్ టాడ్ బృందం కూడా విడదీసింది. కానీ దాని పూర్తి ఆకారం తెలియడానికి ఇంకో 23 ఏళ్లు పట్టింది.

ఆ పని చేసినాయన రఫాయెల్ మెకూలం. బల్గేరియాలో పుట్టి ఇజ్రాయెల్ వెళ్లిన రసాయన శాస్త్రవేత్త. పరిశోధనకి సరుకు కావాలి, బయట కొంటే నేరం. నేరుగా పోలీసుల్నే అడిగాడు. పట్టుబడిన లెబనాన్ హషీష్ 5 కిలోలు ఇచ్చారు. అది సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. ఇదేం వాసన అని బస్సులో జనం ముక్కు ఎగబీల్చారని ఆయనే తర్వాత నవ్వుతూ చెప్పేవాడు. 1963లో సీబీడీ ఆకారం, 1964లో టీహెచ్‌సీ ఆకారం ఆయన బృందం తేల్చింది. మత్తెక్కించేది టీహెచ్‌సీ. సీబీడీ మత్తెక్కించదు.

విచిత్రమేంటంటే ఈ రెండిటిలో ఉన్న సరుకు అచ్చం ఒకటే. రెండిట్లోనూ 21 కార్బన్, 30 హైడ్రోజన్, 2 ఆక్సిజన్ అణువులు. మొక్క లోపల రెండూ ఒకే తల్లి పదార్థం నుంచి తయారవుతాయి. కూర్పు మాత్రం వేరు. ఒకే ఇటుకలతో ఒకడు గోడ కట్టాడు, ఇంకొకడు గట్టు కట్టాడు అనుకోండి. ఆ చిన్న తేడా వల్లే ఒకటి మెదడులో మత్తు పుట్టిస్తే ఇంకోటి పుట్టించదు.

ఇప్పుడు ఇది ఒంట్లో ఎలా పనిచేస్తుందో చూద్దాం. 1988లో అమెరికాలో అలిన్ హౌలెట్, విలియం డీవేన్ ఎలుక మెదడులో టీహెచ్‌సీ అతుక్కునే చోటుని కనిపెట్టారు. దాన్ని రిసెప్టర్ అంటారు. మనం గేటు అనుకుందాం. మరి ఒంట్లో ఈ గేటు గంజాయి కోసం పెట్టింది కాదు గదా. మన ఒళ్లే తయారుచేసే పదార్థం ఏదో ఉండాలి. 1992లో మెకూలం దగ్గరే డీవేన్, లూమీర్ హనుష్ దాన్ని పంది మెదడు నుంచి తీశారు. దానికి మన సంస్కృత మాట "ఆనంద" తీసుకుని "ఆనందమైడ్" అని పేరు పెట్టారు. 1993లో రెండో రకం గేటు దొరికింది, అది ఎక్కువగా రోగనిరోధక కణాల్లో ఉంటుంది.

ఈ గేట్ల పని మన కాలవ చూస్తే అర్థమవుతుంది. మెదడులో ఒక నరం నుంచి ఇంకో నరానికి కబురు వెళ్లడం అంటే పై నుంచి కిందికి నీళ్లు వదలడం లాంటిది. నీళ్లు మరీ ఎక్కువైతే కింది చేలో రైతు ఏం చేస్తాడు? గట్టు మీద నిలబడి "చాలు, గేటు దించు!" అని పైకి కేకేస్తాడు. ఆనందమైడ్ లాంటివి చేసేది అదే. కబురు అందుకున్న నరం వీటిని తయారుచేసి వెనక్కి పంపుతుంది. పై నరం మీదున్న గేటు దిగుతుంది. పోటు తగ్గుతుంది. టీహెచ్‌సీ బయట నుంచి వచ్చి ఆ గేటు చక్రాన్నే పట్టుకుని, అవసరం ఉన్నా లేకపోయినా దించేస్తుంది. అందుకే మత్తు, మరుపు, తూలడం.

సీబీడీ ఆ చక్రాన్ని గట్టిగా పట్టుకోదు. పక్కన చెయ్యేసి చక్రాన్ని కొంచెం బిగువు చేస్తుంది, వేరే వాళ్లు తిప్పడం కష్టమవుతుంది. దాని అసలు పని వేరే చోట్ల ఉంది. అందులో ఒకటి మనకి బాగా తెలిసిందే.

మిర్చి కోతప్పుడు ఆడవాళ్ల చేతులు భగ్గున మండుతాయి గదా. కాయలోని క్యాప్సైసిన్ మన నరాల చివర ఉండే ఒక తలుపుని తెరుస్తుంది. దాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది, 2021లో ఆయనకి నోబెల్ వచ్చింది. సీబీడీ కూడా ఈ మిరపకాయ తలుపు మీద పనిచేస్తుంది. ముందు కదిలించి, తర్వాత దాన్ని మొద్దుబారేలా చేస్తుంది. ఇలాంటి తలుపులు మెదడులో కూడా ఉన్నాయి. ఇంకా నరాల పోటు పెంచే జీపీఆర్55 అనే గేటుని సీబీడీ అడ్డుకుంటుంది. మెదడుని నిమ్మళపరిచే అడెనోసిన్ అనే పదార్థం త్వరగా ఖర్చైపోకుండా చూస్తుంది. భయం, దిగులుతో సంబంధం ఉన్న సెరటోనిన్ గేట్లలో ఒకదాని మీద కూడా దాని చెయ్యి ఉంది.

ఫిట్స్ అంటే మెదడులో నరాలన్నీ ఒకేసారి కట్టలు తెంచుకుని కబుర్లు పంపడం. పైన చెప్పిన మూడు నాలుగు పనులు కలిసి ఆ వరదని తగ్గిస్తాయని శాస్త్రవేత్తల అంచనా. అయితే కచ్చితంగా ఏ దారిలో అన్నది ఇంకా తేలలేదు, ఆమోదం పొందిన మందు కాగితం మీదే ఆ మాట రాసి ఉంటుంది. దారి పూర్తిగా తేలకపోయినా పనిచేస్తుందో లేదో తేల్చే పద్ధతి వేరే ఉంది. మనం కొత్త విత్తనానికి చేసినట్టే, సగం చేలో అది, సగం చేలో మామూలుది వేసి చూడటం.

ఆ పని మొదట చేసింది బ్రెజిల్ వాళ్లు. 1980లో ఎలిసాల్డో కార్లినీ బృందం, మాత్రలకి లొంగని ఫిట్స్ ఉన్న 15 మందిని తీసుకుంది. 8 మందికి రోజుకి 200 నుంచి 300 మిల్లీగ్రాముల శుద్ధ సీబీడీ, 7 మందికి ఉత్త గొట్టాలు. ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకీ తెలియదు. సీబీడీ తీసుకున్న 8 మందిలో నలుగురికి ఫిట్స్ దాదాపు ఆగిపోయాయి, ముగ్గురికి కొంత తగ్గాయి. ఉత్త గొట్టాల వాళ్లలో ఒక్కరికే మేలు కనిపించింది. ఇక్కడ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఆ 15 మందిలో ఎవరూ పాత మాత్రలు ఆపలేదు. వాటి మీద అదనంగా ఇచ్చారు.

15 మంది చిన్న లెక్క. అయినా పెద్ద ప్రయోగం చేయాల్సింది పోయి, ప్రపంచం 30 ఏళ్లు ఊరుకుంది. గంజాయి పేరు వింటేనే అనుమతులు లేవు, డబ్బులు లేవు.

మళ్లీ కదలిక తెచ్చింది ఒక చిన్నపిల్ల. అమెరికాలో కొలరాడో రాష్ట్రం, షార్లెట్ ఫిగి. మూడు నెలల వయసు నుంచి ఫిట్స్. డ్రావే సిండ్రోమ్ అని చాలా మొండి రకం, పుట్టుకతో నరాల జన్యువులో వచ్చే లోపం. వారానికి 300 దాకా వచ్చేవి. మందులన్నీ అయిపోయాక తల్లి సీబీడీ ఎక్కువున్న హెంప్ నూనె మొదలుపెట్టింది. ఫిట్స్ నెలకి రెండు మూడుకి తగ్గాయని కుటుంబం చెప్పింది. 2013లో ఇది టీవీలో రావడంతో దేశమంతా తెలిసింది. ఆ పాప 2020లో, 13 ఏళ్లకి చనిపోయింది. ఆ పిల్ల పేరు చెప్పే ఈరోజు సగం సీసాలు అమ్ముతున్నారు. కానీ ఒక్క పిల్ల కథ రుజువు కాదని డాక్టర్లు అప్పుడే అన్నారు. ఒక్క చేలో ఒక్క ఏడు దిగుబడి చూసి మనం విత్తనం మార్చం గదా.

అసలు రుజువు 2017లో వచ్చింది. డ్రావే ఉన్న 120 మందిని, పిల్లలు, కుర్రవాళ్లు, రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి ప్రతి కిలో బరువుకి రోజుకి 20 మిల్లీగ్రాముల చొప్పున శుద్ధ సీబీడీ, ఇంకో భాగానికి అదే రుచి ఉన్న ఉత్త ద్రావణం. సీబీడీ వాళ్లలో నెలకి 12.4 ఉన్న పెద్ద ఫిట్స్ 5.9కి తగ్గాయి. రెండో భాగంలో 14.9 నుంచి 14.1 అయ్యాయి, అంతే. ఇక్కడ కూడా పాత మాత్రలు నడుస్తూనే ఉన్నాయి. 2018 జూన్‌లో అమెరికా ప్రభుత్వం "ఎపిడయోలెక్స్" అనే మందుకి అనుమతి ఇచ్చింది, డ్రావేకీ, లెనాక్స్-గాస్టో అనే ఇంకో మొండి రకానికీ. 2020లో ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జబ్బులో వచ్చే ఫిట్స్‌కి కూడా ఇచ్చింది. ప్రతి మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాములు, ఏ సీసా తీసినా అంతే.

చూశారా, 1839లో లేనిది, 2018లో ఉన్నది ఇదే. మొక్క అదే. మారింది కొలత.

ఇప్పుడు మా తమ్ముడి సీసా దగ్గరికి వద్దాం. బాబు 20 కిలోలు. ప్రయోగాల్లో పనిచేసిన మోతాదు కిలోకి 10 నుంచి 20 మిల్లీగ్రాములు. తక్కువ లెక్కే తీసుకున్నా రోజుకి 200. సీసా మొత్తం మీద 1000 మిల్లీగ్రాములు, అంటే ఐదు రోజులకి ఖాళీ. నెలకి ఆరు సీసాలు, 24 వేలు. వాళ్లు చెప్పినట్టు పూటకి ఐదు చుక్కల చొప్పున రెండు పూటలు వేస్తే? మిల్లీలీటరుకి సుమారు 20 చుక్కలు, చుక్కకి ఒకటిన్నర మిల్లీగ్రాము చిల్లర. పది చుక్కలకి 17 దాటదు. కావాల్సింది 200, పడేది 17. ఎకరానికి పోయాల్సిన మందు సెంటు చొప్పున పోసి పురుగు చావాలంటే ఎలా?

అదీ లేబుల్ నిజమైతే. 2017లో అమెరికాలో ఆన్‌లైన్‌లో అమ్మే 84 సీబీడీ సరుకులు కొని పరీక్ష చేశారు. రాసినంత ఉన్నవి 26 మాత్రమే. 36 సీసాల్లో రాసినదానికంటే ఎక్కువ, 22 సీసాల్లో తక్కువ. 18 సరుకుల్లో మత్తు పదార్థం టీహెచ్‌సీ కూడా దొరికింది. పరీక్షల వ్యవస్థ గట్టిగా ఉన్న దేశంలోనే ఇదీ పరిస్థితి. ఇంకో మోసం ఏంటంటే, హెంప్ గింజల నూనెని సీబీడీ నూనెలా అమ్మడం. గింజల్ని, గింజల నూనెని ఆహారంగా అమ్మడానికి మన దేశంలో 2021 నుంచి అనుమతి ఉంది. అది మంచి తిండి నూనే. కానీ సీబీడీ ఉండేది పూల బంకలో, గింజలో కాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. సీబీడీ లివరులో అరుగుతుంది. చాలా మాత్రలు కూడా అక్కడే అరుగుతాయి. ఇరుకు డొంకలో రెండు ట్రాక్టర్లు ఎదురైనట్టు, ఒకటి ఇంకోదాన్ని ఆపుతుంది. ఫిట్స్‌కి మన దగ్గర బాగా వాడే క్లోబజామ్‌తో కలిస్తే, దాని నుంచి పుట్టే పదార్థం రక్తంలో మూడు రెట్ల దాకా పెరుగుతుంది, పిల్లాడు మగతగా పడి ఉంటాడు. వాల్‌ప్రోయేట్‌తో కలిస్తే లివరు దెబ్బతినే లక్షణాలు పెరుగుతాయి. గుండె జబ్బు వాళ్లు వాడే వార్ఫరిన్ అనే రక్తం పలచబరిచే మందుతో కూడా గొడవే. మామూలుగా విరేచనాలు, నిద్రమత్తు, ఆకలి తగ్గడం ఉంటాయి. కొవ్వు ఉన్న అన్నంతో వేసుకుంటే ఖాళీ కడుపు కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ ఒంటికి పడుతుంది. అందుకే డాక్టరు రక్తపరీక్షలు చూస్తూ, కొద్దికొద్దిగా పెంచుతూ ఇవ్వాల్సిన మందు ఇది.

మరి మోకాళ్ల నొప్పులు, షుగరు, క్యాన్సరు, నిద్ర పట్టకపోవడం, అన్నిటికీ పనిచేస్తుందంటున్నారు గదా అంటారా? ఆందోళన మీద చిన్న ప్రయోగాలు ఆశ పుట్టించాయి. 2011లో బ్రెజిల్‌లో నలుగురిలో మాట్లాడాలంటే భయపడే 24 మందిలో సగం మందికి 600 మిల్లీగ్రాములు ఒక్కసారి ఇస్తే, మాట్లాడేటప్పుడు భయం తగ్గింది. ఆశ నిజమే, మోతాదు చూడండి, 600. నొప్పులకి ఉత్త సీబీడీ గట్టిగా పనిచేసిందన్న రుజువు ఇంకా లేదు. షుగరు, క్యాన్సరు నయమైనట్టు మనుషుల్లో రుజువు లేదు. అన్ని తెగుళ్లకీ ఒకటే మందు అని అమ్మే వాడిని మనం పొలం గట్టు మీదే వెనక్కి పంపుతాం. ఇక్కడా అదే తెలివి వాడండి.

చివరిగా మన పంట మాట. "హెంప్ వేయండి, బైబ్యాక్ మాది, ఎకరానికి లక్షలు" అనే ఫోన్లు నాకూ వచ్చాయి. ఈము పక్షుల సంగతి మనం మర్చిపోలేదు. అమెరికాలో 2018 డిసెంబరులో హెంప్ సాగుకి చట్టం తలుపు తీసింది, మత్తు పదార్థం 0.3 శాతం మించకూడదన్న షరతుతో. రైతులు సీబీడీ కోసం ఎగబడి వేశారు. కొనేవాడి కంటే పండించేవాడు ఎక్కువయ్యాడు. ధర పడిపోయింది. 0.3 దాటిన పంటని నాశనం చేయాల్సి వచ్చింది. అక్కడి వ్యవసాయ శాఖ లెక్కే చూడండి, 2021లో 82.4 కోట్ల డాలర్లున్న హెంప్ పంట విలువ 2022లో 23.8 కోట్లకి వచ్చింది.

మన దేశంలో 2018లో ఉత్తరాఖండ్ మొదటగా హెంప్ సాగుకి లైసెన్సు ఇచ్చింది. చేతిలో ప్రభుత్వ లైసెన్సు లేకుండా గంజాయి జాతి మొక్క వేస్తే పదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. కంపెనీ వాడి కాగితం లైసెన్సు కాదు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. పండించిన గిరిజన రైతు కేసుల్లో ఇరుక్కున్నాడు, పెట్టుబడి పెట్టిన దళారీ చాలాసార్లు తప్పుకున్నాడు. సీబీడీ పేరు పెట్టినంత మాత్రాన మన నెత్తిన పడే కేసు మారదు.

మా తమ్ముడి సంగతి చెప్పి ముగిస్తా. మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లాం. సీసా చూసి ఆయన తిట్టలేదు. బాబు వాడే మాత్రల్లో వాల్‌ప్రోయేట్ ఉందని, ఇది కలిపే ముందు అడగడం మంచిదైందని అన్నారు. మాత్రలు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదకి వస్తుందని గట్టిగా చెప్పారు. బరువు పెరిగినా పాత మోతాదే నడుస్తోందని చూసి సరిచేశారు. అయినా తగ్గకపోతే పెద్దాసుపత్రిలో ఫిట్స్ రకం తేల్చే పరీక్షలు చేయించి, అప్పుడు డాక్టరు రాసిచ్చే సీబీడీ మందు గురించి ఆలోచిద్దామన్నారు. ఆ నాలుగు వేల సీసా ఇప్పుడు వాళ్లింట్లో బీరువా మీదుంది.

తిరిగొచ్చేటప్పుడు బండి మీద తమ్ముడు అన్నాడు, "అన్నా, పురుగు మందు డబ్బాకి ఉన్న జాగ్రత్త పిల్లోడి మందుకి లేకపోయింది చూడు నాకు" అని. తప్పు అతనిది కాదు. బిడ్డ కళ్ల ముందు కొట్టుకుంటుంటే ఏ తండ్రైనా ఏది దొరికితే అది పట్టుకుంటాడు.

మీ ఊళ్లో ఇలాంటి సీసా ఎవరి చేతిలోనైనా కనిపిస్తే వాళ్లని ఎగతాళి చేయకండి. పక్కన కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడగండి. ఇందులో టెక్నికల్ ఏంటి? ఎంత శాతం? పాత మాత్రలతో కలపొచ్చని ఏ డాక్టరు చెప్పాడు? మూడిట్లో ఒక్కదానికి జవాబు లేకపోయినా ఆ సీసా మూత తీయొద్దని చెప్పండి. మాత్ర మాత్రం ఆపొద్దని రెండుసార్లు చెప్పండి.

ఉంటాను. పైరు జాగ్రత్త, పిల్లలు జాగ్రత్త.